రిపోర్టు మంచిగుంటే చాలు

షుగర్ ఉన్న ప్రతి మనిషికీ తనదైన సంరక్షణ ప్రణాళిక ఉండాలని డాక్టర్లు పదేపదే చెప్పడం వరంగల్ వాసులను చిన్నచూపు చూడడమే. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం తేల్చింది. అందులో మన వాటాకు వచ్చినవారికి ప్రణాళిక ఎప్పటినుంచో ఉన్నది. కాగితం మీదికి రాకపోవడమొక్కటే కొరత. ప్రజాహితం కోరి ఆ కొరతను ఇక్కడ తీరుస్తున్నాను.

మూలసూత్రం ఇది: రిపోర్టు మంచిగుంటే ఒళ్లు మంచిగున్నట్టే. అందుచేత డాక్టరు దగ్గరికి వెళ్లే తేదీకి సరిగ్గా మూడు రోజుల ముందు ప్రణాళిక అమలులోకి వస్తుంది. ఆ మూడు రోజులూ జొన్నరొట్టె, కాకరకాయ కూర, నానబెట్టిన మెంతుల నీళ్లు, సాయంత్రం భద్రకాళి చెరువు కట్ట మీద ఎవరో తరుముతున్నట్టు నడక. నాలుగో రోజు పరగడుపున రక్తం ఇచ్చి, చేతికి అంటించిన దూది ఊడకముందే ల్యాబు పక్కనున్న బండి దగ్గర పూరీతో, ఆపైన రెండు చాయ్‌లతో ప్రణాళిక ముగుస్తుంది. తిన్న రెండు గంటలకు మళ్లీ రక్తం ఇవ్వమంటే ఊళ్లో పని ఉందని చెప్పాలి.

ఇంత పకడ్బందీ ఏర్పాటుకు అడ్డుపుల్ల వేస్తున్నది హెచ్‌బీఏ1సీ అనే పరీక్ష. ఎర్ర రక్తకణం ఇంచుమించు 120 రోజులు బతుకుతుందట. అన్నాళ్లూ రక్తంలో తిరిగే గ్లూకోజు దానిలోని హిమోగ్లోబిన్‌కు అంటుకుని, గడచిన రెండు మూడు నెలల సంగతంతా ఒక్క అంకెలో చాడీ చెబుతుంది. సంక్రాంతికి తిన్న అరిసె మార్చిలో సాక్ష్యానికి వస్తుంది. వరుసగా మూడు నెలలు పండుగ లేనప్పుడే ఈ పరీక్ష చేయాలని ప్రభుత్వానికి విన్నవిస్తున్నాను. అటువంటి మూడు నెలలు మన పంచాంగంలో లేకపోవడం నా తప్పు కాదు.

ఇక ఆహారం. తియ్యగా లేనిదానితో షుగర్‌కు సంబంధం లేదన్నది స్థిరనిర్ణయం గనుక, బియ్యప్పిండివే అయినా సకినాలు లెక్కకు రావు. రాత్రి అన్నం మానేసినవారు త్యాగధనులు. వారి చపాతీలను లెక్కపెట్టడం మర్యాద కాదు. మేడారం జాతరలో సమ్మక్కకు 'బంగారం' పేరుతో సమర్పించి తెచ్చిన బెల్లం కూడా చక్కెరలాగే పనిచేస్తుందని డాక్టరమ్మ ఎంత చెప్పినా, "తల్లి బంగారం గదా బిడ్డా, ఇంతంత నోట్లె ఏసుకుంటె ఏమైతది" అని ఇంట్లో పెద్దమ్మ అన్న తర్వాత అప్పీలు లేదు.

ఏడాదికోసారి చేయించవలసిన రెటీనా పరీక్షను కళ్లు మసకబారేదాకా, కిడ్నీల సంగతి చెప్పే మూత్రంలో అల్బుమిన్ (ఒక ప్రొటీను) పరీక్షను కాళ్లు వాచేదాకా వాయిదా వేయవచ్చు.

పాదాల సంగతి మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి. రోజూ అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోవాలని, చెప్పులు లేకుండా నడవవద్దని వైద్యుల మాట. మా వాడకట్టులో ఒక పెద్దమనిషి జాతరలో జంపన్న వాగు నుంచి గద్దెల దాకా ఉత్తకాళ్లతో నడిచి వచ్చారు. మరునాడు ఇంట్లో ఆయన అడుగుపెట్టిన చోటల్లా తెల్లటి టైల్స్ మీద రూపాయి బిళ్లంత ఎర్రటి మరకలు పడుతుంటే మనవరాలు చూసి అరిచింది. మడమలో తుమ్మముల్లు విరిగి ఉంది. "సూసినవా, ఇంత దిగినా నొప్పే లేదు, అంతా సమ్మక్క దయ" అన్నారాయన. ఏళ్ల తరబడి అదుపు తప్పిన షుగర్ నరాలను మొద్దుబారుస్తుందని, అందుకే నొప్పి తెలియదని డాక్టర్లు అంటారు గాని, వాళ్లు అన్నిటికీ ఏదో ఒక కారణం చెబుతారు. నొప్పి లేనిదానికి వైద్యమెందుకని ఆయన పసుపు అద్ది ఊరుకున్నారు. ఆ పుండు ఇప్పటికీ మానలేదు. అయినా మొన్నటి పరగడుపు రిపోర్టు 108 వచ్చింది గనుక, ప్రణాళిక విజయవంతమైనట్టే నమోదు చేశాం.