సవరణ: త్యాగరాయ నగర్ పుట్టుక గురించి

చెన్నైలోని త్యాగరాయ నగర్ స్వాతంత్ర్యం తరువాత వ్యాపార కేంద్రంగానే పుట్టిందనీ, ఎవరి పేరు దానికి పెట్టారో ఆ త్యాగరాయ చెట్టి మద్రాసు ప్రెసిడెన్సీకి ముఖ్యమంత్రిగా పనిచేశారనీ ఇంతకుముందు ఇక్కడ ప్రచురించిన వ్యాసంలో ఉన్నది. ఈ రెండూ సరికావు.

1920లో మద్రాసు పట్టణ ప్రణాళికా చట్టం వచ్చిన తరువాత, అదే దశాబ్దంలో, అప్పటి నగరపు అంచున ఉన్న లాంగ్ ట్యాంక్ అనే పొడవాటి చెరువులో మాంబలం వైపు భాగాన్ని ఎండగట్టి, నడుమ ఒక ఉద్యానవనం, దాని చుట్టూ విస్తరించే వీధులు ఉండేలా ఈ నివాస ప్రాంతాన్ని తీర్చిదిద్దారు. నేడు పండుగ రోజుల్లో అడుగు తీసి అడుగు వేయలేని ఆ వీధులను మొదట ఇళ్ల కోసమే గీశారంటే నమ్మడం కష్టమే. పట్టుచీరల, నగల దుకాణాలు తరువాత వచ్చి చేరినవి.

ఇక రెండవ విషయం. తెలుగువాడైన త్యాగరాయ చెట్టి, బ్రాహ్మణేతరుల రాజకీయ పక్షమైన జస్టిస్ పార్టీ స్థాపకులలో ఒకరు. 1920 ఎన్నికల తరువాత ప్రభుత్వం ఏర్పాటు చేయమని గవర్నరు ఆహ్వానించినా ఆయన ముఖ్యమంత్రి పదవిని స్వీకరించలేదు. అప్పుడు సుబ్బరాయలు రెడ్డియార్, 1921లో ఆయన తరువాత పానగల్ రాజా రామరాయణింగారు ఆ బాధ్యత చేపట్టారు. నడుమనున్న ఉద్యానవనానికి పానగల్ పార్కు అన్న పేరు ఈ రెండవవారిది. పశ్చిమ మాంబలంలోని లేక్ వ్యూ రోడ్డు మాత్రం ఇప్పుడు లేని చెరువు పేరుతోనే కొనసాగుతున్నది.