దిష్టి తగలని పిల్లల తల్లికి

అడిగిందే తడవుగా ఎనిమిది సెకన్ల వీడియోలో బిడ్డను కని ఒళ్లో పడేసే ఏఐ మహాతల్లికి,

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక మేనమామ రాయునది. ఉభయకుశలోపరి. మేమంతా ఇక్కడ దగ్గుతూ క్షేమం. దగ్గు సంగతి తర్వాత చెబుతాను.

మా అక్క ఏడు నెలల పాప బుజ్జమ్మతో పుట్టింటికి వచ్చి ఉంది. బావ ప్రతి శనివారం సాయంత్రం విజయవాడ నుంచి వస్తాడు. వచ్చి కాళ్లు కడుక్కుని కూతుర్ని ఎత్తుకుంటాడని అక్క చూస్తుంటుంది. ఆయన ల్యాప్‌టాప్‌ను ఒళ్లో పెట్టుకుని నిన్ను లేపుతాడు. "బొద్దు బుగ్గలు, నెత్తిన పిలక, గుంటూరు మిర్చి యార్డులో కాయల మీద కూర్చుని నవ్వుతున్న తెలుగు పాప" అని ఒక వాక్యం రాస్తే చాలు, రెండు నిమిషాల్లో కంటావు. నొప్పుల్లేవు, పథ్యం లేదు, కాయం ఉండ మింగే పని లేదు. మా అక్కకి నిన్ను చూస్తే ఒళ్లు మండిందంటే మండదా మరి?

నువ్వెలా కంటావో బావ మాకు విడమరిచి చెప్పాడు. మొదట తెరంతా, పాత దూరదర్శన్ రోజుల్లో యాంటెన్నా పక్కకి తిరిగినప్పుడు ఆడేవే, ఆ చీమల్లా ఉంటుందట. అంతకుముందు చూసిన కోట్ల బొమ్మల్ని బట్టి ఇక్కడ ముక్కుండాలి, ఇక్కడ చెవుండాలి అని అంచనా వేసుకుంటూ ఆ చీమల్ని కొంచెం కొంచెంగా దులుపుతావట. దులపగా దులపగా పిల్ల తేలుతుంది. "సీతమ్మ తల్లి నాగటిచాల్లో దొరికినట్టు ఇది చీమల్లో దొరికిందన్నమాట" అని మా నాయనమ్మ రెండు చేతులూ జోడించింది.

అంతవరకు బాగానే ఉంది. ఒక్క సంగతి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నువ్వెప్పుడైనా మా యార్డుకి వచ్చావా? సీజన్లో గేటు ఇంకా రాకముందే ముక్కు కారడం మొదలవుతుంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ మిరపకాయల్లోనే బతికే హమాలీలు కూడా మొహానికి తువ్వాలు బిగించి కడతారు. నువ్వేమో పల్చటి జుబ్బా తొడిగిన పసిదాన్ని ఏకంగా కుప్ప మీద కూర్చోబెట్టావు. ఆ కాయలైనా మన సన్నం కాదు, బజ్జీ మిరపకాయల్లా బలిసి ఉన్నాయి. (సన్నానికి భౌగోళిక గుర్తింపు ఉందమ్మా, కాస్త చూసుకోవాలి.) ఆ పిల్ల రెండు కాయల్ని గుప్పిట్లో చిదిమి, అదే చేత్తో కళ్లు నులుముకుని కిలకిలా నవ్వింది! బావ దాన్ని యూట్యూబ్‌లో పెడితే కింద అందరూ "సో క్యూట్" అని రాశారు. రాసినవాళ్లలో మా వీధి చివర కారం మిల్లాయన కూడా ఉన్నాడు. ఆయనకేం పోయేకాలం?

నాయనమ్మ అడిగింది మాత్రం వేరే. "దిష్టి చుక్కేదీ?" అంది. బావ పాపం అది కూడా రాశాడు. మొదటి వీడియో ముక్కలో నుదుటి మధ్య ఎర్రగా బొట్టు పెట్టావు. రెండోదాంట్లో నల్లచుక్కే, ఎడం బుగ్గ మీద. మూడోదాంట్లో కుడి బుగ్గకి వచ్చింది. నాలుగోదాంట్లో పిల్లని వదిలేసి వెనకనున్న హమాలీ గడ్డం మీదకి దూకింది. ఒక ముక్కలో కన్న పిల్ల పక్క ముక్కకి నీకు గుర్తుండదట, ప్రతిసారీ కొత్త కాన్పే. ముందు ఒక ఫొటో ఇచ్చి దాన్నే కదిలించమన్నా చుక్క జారుతూనే ఉంది. అయిదోదాంట్లో పిల్లకి పైపళ్లు వచ్చాయి, అదీ కింద ఒక్క పన్నయినా రాకుండా. నాయనమ్మ గుండె బాదుకుంది: "పైపళ్లు ముందొస్తే మేనమామకి గండంరా! దీని మేనమామ ఎవరో పాపం." అందరూ నా వైపు చూశారు.

ఇక మాటలు. మీ వంశంలో గూగుల్ వాళ్ల వియో 3 2025 మేలో వచ్చి బొమ్మతోపాటే మాటనీ పలికించింది. అప్పట్నుంచి పొత్తిళ్లలో పిల్లలు కూడా పాడ్‌కాస్టులు చేస్తున్నారు. మా బావ కన్న, అదే, నువ్వు కన్న పిల్ల కెమెరా వైపు తిరిగి "తండ్రీ, నేను ఆకలిగా ఉన్నాను" అంది. ఇదెక్కడి తెలుగు తల్లీ? మా బుజ్జమ్మకి ఆకలైతే నా కళ్లజోడు పీకుతుంది. అర్థం కాకపోతే ఇంకోసారి పీకుతుంది.

బావకి ఆశ ఉంది. వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్ వస్తే యూట్యూబ్ ప్రకటనల డబ్బులో వాటా ఇస్తుంది. మూసలో పోసినట్టు కుప్పలుగా చేసిన వీడియోలకి ఇవ్వబోమని 2025 జులై 15 నుంచి వాళ్లు గట్టిగా చెబుతున్నారని నేనంటే, "మనది మూస కాదురా బామ్మర్దీ, ఒక్కో వీడియోలో చుక్క ఒక్కోచోట ఉంటుంది" అన్నాడు. నోరు మూసుకున్నాను. అంతలో బుజ్జమ్మ పాక్కుంటూ వెళ్లి కీబోర్డు మీద అరచేత్తో ఒక్కటిచ్చింది. వీడియోకి ఇన్నని నువ్వు కోసుకునే క్రెడిట్లు, ఉన్న కాసినీ ఊడ్చుకుపోయాయి, నీకు ఇంకో కాన్పయింది.

ఏఐతో చేసినవాటి మీద ఆ సంగతి స్పష్టంగా కనబడేలా రాయాలని 2026 ఫిబ్రవరి 20 నుంచి కేంద్రం నిబంధన తెచ్చింది. నాయనమ్మకి అదీ దిష్టి చుక్కలాంటిదేనని చెప్పాను. బావ పెట్టిన అక్షరాలు చూసి "ఇంత చిన్న చుక్కకి ఏ దిష్టి పోతుందిరా?" అంది.

మొన్న ఆదివారం ఆ మిరపకాయల పిల్లని పధ్నాలుగు వేలమంది చూశారని బావ చంకలు గుద్దుకున్నాడు. నాయనమ్మ మొహం మాడిపోయింది. "అన్ని కళ్లు పడితే పసిది పాలు తాగుతుందిటయ్యా అల్లుడూ?" అని లేచింది. గుప్పెడు ఎండుమిరపకాయలూ ఉప్పూ తెచ్చి, ఫోను చుట్టూ మూడుసార్లు తిప్పి, ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, సెల్లు దిష్టి అంటూ గ్యాసు మంట మీద వేసింది. దిష్టి తగిలి ఉంటే ఘాటు రాదని కదా మన లెక్క. ఆ ఘాటుకి మేడ మీద అద్దెకున్నవాళ్లు కూడా కిందికి దిగొచ్చారు.

"దీనికి ఒక్కరి దిష్టీ తగల్లేదు" అంది నాయనమ్మ, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని. మిగిలిన కాయలతో బుజ్జమ్మకీ తీసింది. ఈసారి ఘాటు వచ్చిందో రాలేదో తెలీదు. అప్పటికే అందరం పిల్లని చంకనేసుకుని బజార్లో నిలబడి దగ్గుతున్నాం.

ఒక్క మనవి. ఆ కుప్ప మీది పిల్లని దించి ముందు చేతులు కడిగించు. వట్టి నీళ్లకి మంట పోదు, కాస్త కొబ్బరినూనె రాసి తర్వాత సబ్బు పెట్టాలి.

ఇట్లు,
పైపళ్ల పిల్ల మేనమామ