ముందు ఎడమవైపు బరువు

మా బాబాయి పాత కారు కొన్న పదకొండో రోజున, మధురవాడ దాటి ఆనందపురం వైపు వెళ్తుండగా, ముల్లు ఎనభై మీదికి చేరగానే స్టీరింగు వణకడం మొదలుపెట్టింది. వెనక సీట్లో ఉన్న నాకు వణుకు తెలియలేదు కానీ, బాబాయి చేతి గడియారపు గొలుసు గలగలలాడటం మాత్రం స్పష్టంగా వినిపించింది. ఆయన బండిని పక్కకు తీసి ఆపి, కంచరపాలెంలో తనకు తెలిసిన మెకానిక్‌కు ఫోను చేసి, అతను చెప్పినదంతా శ్రద్ధగా విని, ఏ పాపమూ ఎరగని మనిషిలాగా ఆ మాటను పిన్నికి చేరవేశారు.

బాబాయి: ముందు ఎడమవైపు బరువులో తేడా వచ్చి ఉంటుందట. వెంటనే సరిచేయించకపోతే టైరు అరిగిపోతుందని అంటున్నాడు.

పిన్ని: ముందు ఎడమవైపు కూర్చున్నది ఎవరు?

బాబాయి: నువ్వే. అయితే ఏమిటి?

ఆ "అయితే ఏమిటి"తో మా సాయంత్రం కాస్తా ముగిసిపోయింది.

పిన్ని: పెళ్లయిన ముప్పై ఒక్క ఏళ్లకు నా బరువు గురించి కంచరపాలెం నుంచి కబురు తెప్పించుకున్నారన్నమాట. మొహం మీద అనే ధైర్యం లేక మెకానిక్ చేత అనిపించారు.

బాబాయి: నీ బరువు కాదే, చక్రం బరువు. చక్రం చుట్టూ బరువు సమానంగా లేకపోతే, నెమ్మదిగా తిరిగేటప్పుడు ఏమీ తెలియదు కానీ, వేగం పెరిగేసరికి అది ఎగిరెగిరి పడుతుంది. ఆ అదురే స్టీరింగులోకి వస్తుంది.

పిన్ని: వాషింగ్ మెషీనులో తడిసిన దుప్పటి ఒక పక్కకు చేరితే, పిండేటప్పుడు మెషీను ఊగిపోయినట్టా?

బాబాయి: సరిగ్గా అదే! ఎంత బాగా పట్టుకున్నావు!

పిన్ని: అంటే నేను తడిసిన దుప్పటినా?

బాబాయి నా వైపు తిరిగి చూశారు. నేను కిటికీ వైపు తిరిగాను.

పిన్ని తలుపు తీసుకుని దిగి, తన హ్యాండ్‌బ్యాగునూ, నీళ్ల సీసానూ, తన నడుము నొప్పికని బాబాయి ఆ సీటుకు కట్టించిన చిన్న దిండునూ కూడా వెంట తీసుకుని, వెనక నా పక్కన వచ్చి కూర్చుంది.

పిన్ని: ఇప్పుడు ముందు ఎడమవైపు ఈగ కూడా లేదు. పోనివ్వండి.

అరవైలో ఏమీ లేదు. ఎనభైలో గొలుసు మళ్లీ గలగలమన్నది.

పిన్ని: ఇప్పుడు ఎవరి బరువండీ? అక్కడ నేను వదిలి వచ్చిన మాట బరువా?

బాబాయి: నేను ముందే చెప్పాను కదా, అది చక్రమని.

పిన్ని: మీరు చెప్పినది ముందు ఎడమవైపు అని. ఇప్పుడు బ్రేకు మెల్లగా నొక్కండి. వణుకు పెరిగిందా?

బాబాయి: లేదు.

పిన్ని: అయితే బ్రేకు డిస్కులకు సంబంధం లేదు. ఒరేయ్, మన సీటు కింద అదురు ఏమైనా తెలుస్తోందా? లేదు కదా. అంటే వెనక చక్రాలది కూడా కాదు.

ముందురోజు రాత్రి బాబాయి ఫోనులో కార్ల వీడియోలు చూస్తూ నిద్రపోతే, వాటిని చివరిదాకా విన్నది తానేనని ఆవిడ తరువాత నాకు చెప్పింది. బాబాయికి మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.

పిన్ని: ఇంతకీ అమ్మినాయన మిమ్మల్ని ఏ దారిలో తిప్పి చూపించాడు?

బాబాయి: ఆర్కే బీచి నుంచి రుషికొండ దాకా.

పిన్ని: ఆదివారం సాయంత్రం, ఆ జనంలో, నలభై దాటిందా?

బాబాయి: గాలి చాలా బాగుంది.

పిన్ని: ఎనభైలో బయటపడే రోగాన్ని నలభైలో దాచిపెట్టి, సముద్రాన్ని చూపించి కారు అమ్మాడు. ఫిషింగ్ హార్బరులో మొప్ప ఎత్తి చూడనిదే అర కిలో చేప కొనని మనిషి, సీటు కవర్లు చూసి కారు కొన్నారు. మలుపు తిరిగినప్పుడల్లా ముందు టకటకమని చప్పుడు వస్తోందే, అది నా మోకాళ్లదని చెప్పండి, ఒక పని అయిపోతుంది.

బాబాయి ఏమీ అనలేదు. ఎంవీపీ కాలనీలో మా సందు మొదట్లో స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు ఆ టకటక మళ్లీ వినిపించింది. ఆయన రేడియో పెట్టారు.

మరునాడు పొద్దున్నే ముగ్గురం కంచరపాలెం వెళ్లాం. పిన్ని వెనక సీటులోనే కూర్చుంది. మెకానిక్ ముందు ఎడమ చక్రాన్ని ఊడదీసి, రిమ్ము లోపలివైపు గుడ్డతో తుడిచి చూపించాడు. దుమ్ము పట్టిన లోహం మీద ఒకచోట మాత్రం వేలెడు పొడవున జిగురు మరక ఉన్నది. అక్కడ అంటించి ఉండవలసిన బరువు బిళ్లలు ఎప్పుడో ఊడిపోయాయి. చక్రాన్ని యంత్రానికి తగిలించి తిప్పితే తెర మీద 45 అనే అంకె కనిపించింది.

పిన్ని: నలభై అయిదు కిలోలా?

మెకానిక్: గ్రాములమ్మా.

పిన్ని: గ్రాములా! అయిదేసి గ్రాముల బిళ్లలైతే ఎన్ని కావాలి నాయనా?

మెకానిక్: తొమ్మిది.

పిన్ని: విన్నారా? తొమ్మిది బిళ్లల కోసం నన్ను వెనక్కి పంపారు.

బాబాయి: నేను పంపలేదే, నువ్వే వెళ్లావు.

పిన్ని: ఆపారా మరి?

ఈ ప్రశ్నకు జవాబు లేదు. అతను బిళ్లలు అంటించి మళ్లీ తిప్పేసరికి తెర మీద సున్నా వచ్చింది. తరువాత కారు కిందికి దూరి, స్టీరింగు తిప్పించి, ఇరుసు చివర చిరిగిపోయిన రబ్బరు తొడుగును చూపించాడు. చక్రం లోపలివైపు నల్లని గ్రీజు చిమ్మినట్టు పడి ఉన్నది.

మెకానిక్: బూటు చిరిగి గ్రీజంతా బయటికి పోయిందమ్మా. జాయింటు అరిగిపోయింది. టకటకకు కారణం అదే.

పిన్ని నెమ్మదిగా బాబాయి వైపు తిరిగింది.

బాబాయి: నేను నోరు తెరవలేదు.

పిన్ని: మీ కళ్లు నా మోకాళ్ల మీద పడ్డాయి.

బాబాయి: నేను జాయింటునే చూశాను.

పిన్ని: అదే అంటున్నాను.

జాయింటు మార్పించే బేరం పిన్నే ఆడింది. అడిగిన దానిలో మూడో వంతు తగ్గించి, పాత జాయింటును కూడా సంచిలో పెట్టించుకుని, డబ్బు తన పర్సులోంచి తీసి ఇచ్చింది. బాబాయి తన జేబు తడుముకుంటుంటే, "మీది పెట్రోలుకు ఉంచుకోండి" అన్నది.

తిరుగు ప్రయాణంలో బాబాయి ఎడమ తలుపు తీసి పట్టుకుని నిలబడ్డారు. సీటు మీద దిండు అప్పటికే కట్టి ఉన్నది.

పిన్ని: బరువు సరిపోతుందా?

బాబాయి: నువ్వు కూర్చోకపోతే ఎడమవైపు ఏ ఆటో దూసుకొస్తోందో నాకెవరు చెబుతారు?

పిన్ని కూర్చుంది. ఇంటికి నేరుగా వెళ్లకుండా, చూద్దామంటూ హైవే ఎక్కారు. ఎనభై దగ్గర గొలుసు కదలలేదు.

బాబాయి: వంద దాకా పోనివ్వమంటావా?

పిన్ని: ఎనభై చాలు. నా వైపు టైరు అరిగిపోతుంది.