బాడీ హీట్: ఎండ చేయించిన హత్య

కర్నూలులో మే నెల గడిపినవాళ్లకు 1981 నాటి హాలీవుడ్ సినిమా 'బాడీ హీట్' చాలా తొందరగా అర్థమవుతుంది. ఫ్లోరిడాలో ఒక చిన్న ఊరు, ఎంతకీ తగ్గని ఉక్క, అంతంత మాత్రం ప్రాక్టీసున్న లాయరు నెడ్, డబ్బున్నవాడి భార్య మ్యాటీ. వాళ్ల పరిచయం పడకగది దాకా పోయి, అక్కణ్ణుంచి ఆమె మొగుణ్ణి చంపేద్దామనే దాకా పోతుంది. లారెన్స్ కాస్డన్‌కి దర్శకుడిగా, కాథ్లీన్ టర్నర్‌కి నటిగా ఇదే మొదటి సినిమా. శృంగారం ఎక్కువుందని దీన్ని తలుపేసుకుని చూసే సినిమాల్లో కలిపేయడం మాత్రం అన్యాయం.

కరెంటు పోయిన రాత్రి మిద్దె మీద నిద్రపట్టక దొర్లుతుంటే బుర్ర ఎలా పనిచేస్తుందో మనకు తెలుసు, చిన్న మాటకే చిరాకు, పొద్దున వద్దనుకున్నది అర్ధరాత్రికి ఏం కాదులే అనిపిస్తుంది. నెడ్ సినిమా అంతా ఆ స్థితిలోనే ఉంటాడు. మ్యాటీ తలుపేసుకుని లోపల నిలబడి చూస్తుంటే, బయట చుట్టూ తిరిగి తిరిగి చివరికి కుర్చీతో అద్దం పగలగొట్టి లోపలికి పోతాడు. తెగించింది తనే అనుకుంటాడు పాపం, ఆమె ఎదురుచూస్తున్నదే దానికి. ఇంకో సంగతి, ఈ షూటింగ్ జరిగింది చలిలో, నోట్లోంచి ఆవిరి కనబడకుండా నటులు ఐస్ ముక్కలు పెట్టుకునేవాళ్లు. తెర మీది వేడంతా నటన, కెమెరా, జాన్ బారీ సంగీతం కలిసి పుట్టించినదే.

(ఇక్కణ్ణుంచి కథ గుట్టు చెప్పేస్తున్నా.) హత్య కంటే నన్ను పట్టేసింది వీలునామా. మొగుడి వీలునామాను నెడ్ రాసిపెట్టినట్టు మ్యాటీ ఒక దొంగ వీలునామా పుట్టిస్తుంది, కావాలనే తప్పుతో. ఆస్తిని తరతరాలకూ కట్టిపడేయకూడదనే నియమానికి అది విరుద్ధం, కాబట్టి చెల్లదు, వీలునామా లేనట్టే లెక్క, మొగుడి మేనకోడలికి రావాల్సిన వాటాతో సహా మొత్తం భార్యకే. మన భారత వారసత్వ చట్టం, 1925లో 114వ సెక్షన్ చెప్పేది కూడా ఈ నియమమే. నెడ్ ఇంతకుముందు ఇలాంటి తప్పే చేసిన లాయరు, ఆమె అతన్ని వెతుక్కుంటూ వచ్చింది అందుకే. అంటే మొదటి చూపు నుంచీ జరిగిన ప్రతి సరసంలోనూ హత్య కలిసే ఉంది, మళ్లీ చూస్తే ఒక్కో ముద్దుకీ అర్థం మారిపోతుంది. మన అడల్ట్ థ్రిల్లర్లలో పడకగది సీన్లు తీసేసినా కథ నడిచిపోతుంది, నా బాధంతా అక్కడే. మ్యాటీ మనసు మనకు నెడ్ కళ్లలోంచి తప్ప కనబడకపోవడం మాత్రం నాకు లోటే.

మన సీమ ఎండను తెలుగు సినిమా ఇన్నేళ్లూ సుమోలకీ బాంబులకీ వాడుకుంది. 2003లో 'ఒక్కడు' వచ్చాక కొండారెడ్డి బురుజు అంటే కొట్లాటే గుర్తొస్తుంది. ఇదే ఊళ్లో కోర్టులున్నాయి, ఆస్తి తగాదాలున్నాయి, రాత్రి పదకొండైనా సెగ కక్కే మిద్దెలున్నాయి, ఆ మిద్దెల కింద ఒకరినొకరు కోరుకునే మనుషులూ ఉన్నారు. వాళ్ల మీద కత్తి లేని ఒక క్రైమ్ కథ తీయడానికి ఇంకేం కావాలి?