దేశ సరిహద్దులు ఎరిగిన కలుపు మందు

పారాక్వాట్‌ను ఆడిపోసుకునేవారు దాని భూగోళ పరిజ్ఞానాన్ని మాత్రం మెచ్చుకోరు. దీన్ని తయారుచేసే సింజెంటా కంపెనీ ప్రధాన కార్యాలయం ఉన్న స్విట్జర్లాండ్ ఈ మందును 1989లోనే నిషేధించింది. ఇంగ్లండులోని హడర్స్‌ఫీల్డ్‌లో ఇది ఏళ్ల తరబడి తయారై ఎగుమతైనా, అక్కడి పొలాల్లో 2007 నుంచి చల్లకూడదు. ఆ కంపెనీని 2017లో కొన్నది చైనా ప్రభుత్వ సంస్థ. చైనా సైతం తన పొలాల్లో 2020 నాటికి దీన్ని ఆపించింది. ఆఫీసున్న చోటా, ఫ్యాక్టరీ ఉన్న చోటా, యజమాని దేశంలోనూ పనికిరానిది అమెరికా చేలకు మాత్రం నిక్షేపంగా పనికొస్తుంది.

అమెరికాకు జాగ్రత్త లేదనకండి. ఒక్క గుక్కతో ప్రాణం పోతుందని డబ్బా మీద రాయించింది. ఎవరూ పొరపాటున తాగకుండా నీలిరంగు, ముక్కు మూయించే వాసన, తాగితే కక్కించే మందు అందులోనే కలిపించింది. నోటి దారికి ఇంత కాపలా పెట్టాక, ఎదురుగాలికి ముఖం మీద పడే తుంపర, చేతి తొడుగులోకి కారే చుక్క నరాలను పాడుచేస్తాయని అనుమానించడం అమర్యాద కాదా? ఇది చల్లినవారిలో చేతులు వణికించి కదలికలను మందగింపజేసే పార్కిన్సన్స్ అనే నరాల జబ్బు సుమారు రెండున్నర రెట్లు ఎక్కువని 2011లో ఒక అధ్యయనం తేల్చింది. ప్రయోగశాల ఎలుకలకు ఆ జబ్బు లక్షణాలు తెప్పించడానికి ఎక్కించే పదార్థాల్లో పారాక్వాట్ ఒకటి. ఎలుకకు వస్తే విజ్ఞానం, కూలీకి వస్తే కాకతాళీయం. పైగా ఎలుకలు దావా వేయవు.

కూలీలు వేశారు. 2021లో ఆ కేసుల్ని దక్షిణ ఇల్లినాయ్ ఫెడరల్ కోర్టులో ఒకచోట చేర్చారు. 2024లో కూలీల పక్షాన వచ్చిన కీలక నిపుణుడి లెక్కల పద్ధతి నమ్మదగినది కాదని న్యాయమూర్తి తోసిపుచ్చారు. ముందుగా విచారించాల్సిన నాలుగు కేసులూ దాంతోపాటే పోయాయి. ఏ ఏడు, ఎవరి పొలం, ఎన్ని గంటలు, ఏ కంపెనీ డబ్బా అని అడిగితే పాతికేళ్ల నాటి సంగతి తడుముకునే మనిషిని కోర్టు ఏం చేసుకుంటుంది? రాయగా రాయగా అక్షరాలు చీమలంత అయిపోవడం ఈ వ్యాధి లక్షణం. దరఖాస్తు పైన పేరు చదవగలం, కింది సంతకానికి భూతద్దం కావాలి. నేరం చేతిరాతదే.

కంపెనీ ఔదార్యం వేరు. మందుకూ జబ్బుకూ సంబంధం లేదంటూనే 2021లో కొన్ని దావాల రాజీకి 18.75 కోట్ల డాలర్లు చెల్లించింది. 2025లో మరో రాజీకీ ఒప్పుకుంది. ఏ సంబంధమూ లేనివారికి ఇంత ఇవ్వడం సొంత బంధువుల వల్ల కూడా కాదు.

కాబట్టి చల్లడానికి వెళ్లే కూలీలకు నా సలహా: మాస్కు మరిచినా ఫరవాలేదు, గణాంక శాస్త్రవేత్తను మరవకండి. ఆయన పద్ధతిని మాత్రం పంపు ఎత్తకముందే న్యాయమూర్తికి చూపించండి.