పెద్దమ్మా, ఆ వేపనూనె సీసా ముందు పైన పెట్టు

మా చుట్టాల వాట్సాప్ గ్రూపులోకి ఆ మెసేజ్ మళ్ళీ వచ్చింది, ఈ ఏడాదిలో మూడోసారి. సంగతి ఇదీ: రోజూ పరగడుపున చెంచాడు వేపనూనె తాగితే షుగర్ పోతుందట, క్యాన్సర్ దగ్గరికి రాదట. పసిపిల్లలకు అరచెంచా పడితే కడుపులో పురుగులన్నీ చచ్చిపోతాయట. వేపచెట్టు రాత్రిపూట కూడా ఆక్సిజన్ వదులుతుందట, దానికి బూజూ తెగులూ అంటవట. అమెరికావాళ్ళు పేటెంట్ కొట్టేశారు కాబట్టి ఇదంతా నిజమేనట, మందుల కంపెనీలే దాస్తున్నాయట. కింద మా పెద్దమ్మ రెండు దండాలు పెట్టింది.

నాకు వేపతో పగేమీ లేదు. పురుగుమందుల కొట్టు నడుపుతాను, వేపనూనె డబ్బాలు అమ్ముకుని బతుకుతున్నవాణ్ణే. అందుకే ఇది రాస్తున్నా.

ముందు పసిపిల్లల మాట, మిగతావన్నీ తర్వాత. 1981లో మలేషియా డాక్టర్లు లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక నివేదిక రాశారు. చిన్నచిన్న నలతలకని ఇంట్లోవాళ్ళు వేపనూనె పట్టిన పసిబిడ్డలు గంటల్లోనే వాంతులు, మగత, ఎగశ్వాస, ఫిట్స్‌తో ఆసుపత్రికి వచ్చారు. కాలేయం, మెదడు దెబ్బతిన్నాయి. మన దేశంలోనూ ఇలాంటి కేసులు వైద్య పత్రికలకెక్కాయి. టీస్పూనంటే 5 మిల్లీలీటర్లు. పసిబిడ్డకి అది కూడా ప్రమాదమే. పైగా గింజలు సరిగా ఆరక బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. గానుగ దగ్గర ఎలాంటి గింజ ఆడారో సీసా చూసి చెప్పలేం. నులిపురుగులకైతే అంగన్‌వాడీల్లో, బడుల్లో ఆల్బెండజోల్ మాత్ర ఊరికే ఇస్తున్నారు, ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి.

‘చేలో పురుగుని చంపేది కడుపులో పురుగుని చంపదా?’ అని గ్రూపులోనే మా బావ అడిగాడు. అసలు చేలో అది చంపే తీరు వేరు. వేపగింజలో ఉండే అజాడిరక్టిన్ తగిలిన గొంగళిపురుగుకి తిండి సహించదు, కుబుసం విడవలేదు, ఆ మీదట ఎదుగూ బొదుగూ ఉండదు. చావడానికి రోజులు పడుతుంది. ‘నిన్న కొట్టా, ఇవాళ కూడా పురుగు కదుల్తోందేంటి’ అని డబ్బా పట్టుకుని కొట్టుకొచ్చే రైతులకి ప్రతి సీజన్లో ఇదే చెబుతుంటాను. చేలో ఆకు తినే పురుగూ, పిల్లాడి పేగులో ఏలికపామూ ఒకటి కాదు బావా.

ఇంకో సంగతి. వేప అనగానే ఒకే వస్తువు అనుకుంటాం. ఉగాది పచ్చడిలో వేసే పువ్వు వేరు, పళ్ళు తోముకునే పుల్ల వేరు, అమ్మవారు పోసినప్పుడు పక్కలో పరిచే ఆకు వేరు. అజాడిరక్టిన్ దండిగా ఉండేది గింజలోని పప్పులో. మా నాన్న చేలో కొట్టడానికి ఆ పప్పుతో కషాయం తీసే రోజుల్లో చూడాలి. వానల ముందు రాలిన పండ్లు ఏరి, తొక్క ఒలిచి, కడిగి, నీడన ఆరబెట్టేవాడు. అయిదు కిలోల పప్పు దంచి, పలచటి గుడ్డలో మూటకట్టి, పది లీటర్ల నీళ్ళలో రాత్రంతా ఉంచేవాడు. తెల్లారి మూట పిండితే పాలలాంటి నీళ్ళు, కుళ్ళిన వెల్లుల్లి వాసన. దాన్ని వంద లీటర్లు చేసి, సబ్బుపొడి కలిపి, పొద్దు వాలాక కొట్టేవాడు. ఎండలో కొడితే అజాడిరక్టిన్ విరిగిపోతుంది మరి. ఆ మూట పిండిన చేతులతో మమ్మల్ని ముట్టుకునేవాడు కాదు. వేప అమృతమని ఆయనకీ నమ్మకమే, కానీ కషాయాన్ని కషాయంగానే చూశాడు.

షుగర్ విషయానికొస్తే, ఆకు సారంతో ఎలుకల మీదా, కొద్దిమంది మనుషుల మీదా పరీక్షలు జరిగాయి, చక్కెర కొంత తగ్గిన దాఖలాలూ ఉన్నాయి. అవి కొలిచి ఇచ్చిన ఆకు సారాలు. గానుగ నూనె కాదు. మాత్రలు మానేసి దీన్ని పట్టుకుంటే షుగర్ ఎక్కడికి పోతుందో తెలీదు. మాత్రలతో కలిపి ఆకురసం తాగితే ఒక్కోసారి చక్కెర మరీ పడిపోయి చెమటలు, వణుకు. కడుపుతో ఉన్నవాళ్ళు అసలు జోలికే పోకూడదు.

క్యాన్సర్ మాట పూర్తిగా గాల్లోంచి పుట్టిందేమీ కాదు. వేపాకులోని నింబోలైడ్ అనే పదార్థం మీద హైదరాబాద్‌లోని మందుల పరిశోధన సంస్థ నైపర్‌లో కూడా పరిశోధన జరిగింది. ల్యాబులో కణాల మీద, ఎలుకల మీద పనిచేసిన పదార్థం మందుబిళ్ళగా మారాలంటే ఇంకా చాలా దూరం ఉంది. దాన్నీ చెంచాడు నూనెనీ ఒక గాటన కట్టేస్తే ఎలా?

పేటెంట్ కథ సగం నిజం, మిగతా సగం మింగేశారు. డబ్ల్యూ.ఆర్. గ్రేస్ అనే అమెరికా రసాయనాల కంపెనీకీ అమెరికా వ్యవసాయ శాఖకీ యూరప్ పేటెంట్ ఆఫీసు 1994లో పేటెంట్ ఇచ్చింది. దేనికి? మొక్కల బూజు తెగుళ్ళకు వేపనూనె వాడే పద్ధతికి. షుగర్ ఊసే లేదు. మన పర్యావరణ ఉద్యమకారిణి వందనా శివ, ఇంకొందరు కలిసి పోరాడితే 2000లో రద్దయింది, 2005లో అప్పీలూ కొట్టేశారు. ఇక దాచడమంటారా, దేశంలో తయారయ్యే సబ్సిడీ యూరియా అంతా వేపనూనె పూతతోనే రావాలని 2015లో ప్రభుత్వమే చెప్పింది. నత్రజని తొందరగా వృథా కాకుండా ఆ పూత ఆపుతుంది. బస్తా మీద అంతంత అక్షరాలతో రాసి అమ్మేదాన్ని దాచడం అంటారా?

రాత్రి ఆక్సిజన్ అబద్ధం. వెలుతురు లేందే ఏ ఆకూ ఆక్సిజన్ తయారు చేయదు, చీకట్లో వేప కూడా మనలాగే దాన్ని పీల్చుకుంటుంది.

తెగులు అంటదన్నది మరీ విడ్డూరం. 2021లో తెలంగాణలో రోడ్ల పక్క వేపచెట్లు కొమ్మల చివర్ల నుంచి మాడిపోతూ వచ్చాయి, గుర్తుందా? దానికి కారణాల్లో ఒకటి ఫోమోప్సిస్ అనే బూజే.

ఇదంతా గ్రూపులో పెట్టాక పెద్దమ్మ ఫోన్ చేసింది. ‘ఒరే, ఇప్పటికే సీసా కొన్నాన్రా, ఏం చెయ్యను?’ అంది. నీ మందారానికి పిండినల్లి పట్టిందన్నావుగా పెద్దమ్మా, లీటరు నీళ్ళకి చిన్న చెంచాడు నూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం కొట్టు, వారానికోసారి. మిగిలింది మనవడికి అందకుండా అటక మీద పెట్టు అన్నాను. ‘మరి ఉగాదికి వేపపువ్వు?’ అంది. అది మానేస్తే నేనే ఊరుకోను.