ఆశ్రమం వదిలి వస్తే ఎక్కడికి పోవాలి?

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఏ ఆశ్రమం మీదో, ఏ ప్రార్థన కూటం మీదో గొడవ రేగిందంటే టీవీ చర్చ ఎలా సాగుతుందో అందరికీ తెలుసు. స్వామి దొంగా కాదా, ఆస్తులెన్ని, వెనక ఏ పార్టీ ఉంది? నాలుగు రోజులకు ఇంకో వార్త వస్తుంది. కూతురు గడప తొక్కక ఏళ్లయిన తల్లి గోడు, సగం వయసు సేవకే ధారపోసి కట్టుబట్టలతో బయటపడ్డ మనిషి గోడు ఎవరికీ పట్టవు. చిక్కుకున్నవాళ్లను ఎలా లాక్కురావాలా అని వాదించుకుంటున్నాం. వాళ్లు వస్తే కాలు పెట్టడానికి చోటుందా అని మాత్రం అడగడం లేదు.

చదువులేనివాళ్లే ఇలాంటి వాటిలో పడతారన్న భ్రమ మదనపల్లె ఘటనతోనే పోవాల్సింది. 2021 జనవరిలో మూఢనమ్మకంతో ఇద్దరు కూతుళ్లను చంపారన్న కేసులో అరెస్టయిన తల్లిదండ్రులు చదువు చెప్పే వృత్తిలో ఉన్నవాళ్లే. అది ఏ ఆశ్రమం కథా కాదు, ఇంట్లోనే ముదిరిన నమ్మకం. అయినా మనం నేర్చుకున్నది నవ్వడమే. ఆ నవ్వుకు భయపడే కుటుంబాలు ‘అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది’ అని చుట్టాలకు చెప్పుకుంటున్నాయి.

కోర్టుకు పోవచ్చు కదా అంటారు. కోయంబత్తూరు దగ్గరి ఒక యోగా కేంద్రంలో ఉంటున్న తన ఇద్దరు కూతుళ్ల కోసం ఓ తండ్రి వేసిన హెబియస్ కార్పస్ (నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందుకు తెమ్మనే) పిటిషన్‌ను 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు ముగించేసింది. ఇద్దరూ మేజర్లు, ఇష్టపడే ఉంటున్నామన్నారు. ఆ సంస్థ మంచిచెడ్డలు ఇక్కడ నా ప్రశ్న కాదు. మేజరు ‘నా ఇష్టం’ అన్నాక చట్టం ఆగిపోతుంది, ఆగాలి కూడా.

అప్పుడు ఇంటివాళ్ల చేతిలో మిగిలేది ఫోను. పండక్కో పబ్బానికో ఒక కాల్ వస్తుంది. అవతల స్పీకర్ ఆన్‌లో ఉంటుంది, పక్కన ఎవరో వింటుంటారు. తల్లి ఉండబట్టలేక ‘మీ గురువు మోసగాడే తల్లీ’ అంటుంది. అంతే, బయటివాళ్లంతా శత్రువులని లోపల చెప్పిన మాట నిజమైపోతుంది. ఆ తల్లి ఈ ఏడు తోతాపురి మామిడి రేటు పడిపోయిందని, మేనమామ కొడుక్కి సంబంధం కుదిరిందని చెప్తే చాలు. ఆ మాటలే దారి మూసుకుపోకుండా కాపాడతాయి. ఇది కుటుంబాలకు ఎవరు నేర్పాలి? ఎస్వీ యూనివర్సిటీలో సైకాలజీ విభాగం ఉంది, రుయా, స్విమ్స్ ఆసుపత్రులున్నాయి. 2022 నుంచి మానసిక సమస్యలకు ఫోన్లో సాయమందించే టెలీ మానస్ 14416 నంబరుంది. ఈ సమస్యను సమస్యగా గుర్తించి శిక్షణ ఇస్తే కదా!

ఇక ఆస్తి. గురువు అనే హోదాతో మనసు లొంగదీసి రాయించుకున్న దస్తావేజును కోర్టు రద్దు చేయవచ్చు. కాంట్రాక్టు చట్టం 16వ సెక్షన్ సంగతి ఇది. ఓ ముసలాయన పరలోక పుణ్యం కోసం ఉన్నదంతా గురువుకు రాసిచ్చిన కేసులో 19వ శతాబ్దంలోనే అలహాబాద్ హైకోర్టు ఆ దానాన్ని కొట్టేసింది. కానీ రద్దు కోరడానికి గడువు మామూలుగా మూడేళ్లే. పరువు పోతుందని కూర్చుంటే ఆ మూడేళ్లూ ఇట్టే గడిచిపోతాయి. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉందని ఎంతమంది పుట్టింటివాళ్లకు తెలుసు?

జపాన్‌కు ఈ జ్ఞానం తుపాకీ పేలాక వచ్చింది. 2022 జులైలో మాజీ ప్రధాని షింజో అబేని కాల్చినవాడు, తల్లి యూనిఫికేషన్ చర్చి అనే మత సంస్థకు ఇచ్చిన విరాళాలతో ఇల్లు గుల్లయిందన్న కక్షతో, అబేకు ఆ సంస్థతో సంబంధముందని నమ్మి కాల్చాడు. భయపెట్టి, మభ్యపెట్టి విరాళాలు గుంజడాన్ని అడ్డుకునే చట్టం అదే ఏడాది డిసెంబరులో వచ్చింది. పోషణ దక్కాల్సిన భార్యాబిడ్డలు కూడా కొంత మేర వెనక్కి అడిగే వీలు అందులో ఉంది.

ఇదంతా మతంలో సర్కారు వేలు పెట్టడమే, రేపు గిట్టనివాళ్ల మీదికి వాడతారన్న భయం ఉంది. అది ఉత్త భయమేమీ కాదు. అందుకే ఏది మంచి ఆశ్రమం, ఏది చెడ్డది అని ముద్ర వేసే కమిటీ నాకొద్దు. నేనడిగే సాయం వచ్చిన మనిషికి. ఏ దేవుడి దగ్గర్నుంచి వచ్చావని అడగక్కర్లేదు.

ఆ మనిషి పరిస్థితి చూడండి. వయసు నలభై. డిగ్రీ సర్టిఫికెట్లు లోపలే ఉండిపోయాయి, ఆధార్‌లో అడ్రసు ఆశ్రమానిది. జీతమే లేదు కాబట్టి పీఎఫ్ మాటే లేదు. ఇంటర్వ్యూలో ‘ఇన్నేళ్లూ ఏం చేశావమ్మా’ అంటే ఏం చెప్పాలి? నెల తిరక్కుండానే వెనక్కి పోతుంది, మనమేమో దాన్ని భక్తి అంటాం.

అసలు మన ప్రభుత్వాలకు విడిపించడం మీద ఉన్న మోజు నిలబెట్టడం మీద ఎప్పుడూ లేదు. కువైట్‌లో ఇళ్లల్లో పని చేయలేక నలిగిపోయిన రాయలసీమ ఆడవాళ్లను విమానం ఎక్కించి ఫొటోలు దిగుతారు, ఊళ్లో ఏజెంటు అప్పు ఎవరు తీర్చాలో చెప్పరు. వెట్టిచాకిరీ నుంచి విడిపించినవాళ్లదీ అదే కథ. ఆశ్రమం నుంచి వచ్చినవాళ్లకైతే ఆ ఫొటో కూడా ఉండదు. కలెక్టర్లు కొత్త పథకమేమీ తేనక్కర్లేదు. సర్టిఫికెట్ల నకళ్లు, ఆధార్ మార్పు, మూణ్నెల్లకు ఒక హాస్టల్ గది, ఒక లాయరు, ఒక కౌన్సెలర్ ఇవన్నీ ఒకే కిటికీ దగ్గర దొరికేలా చూస్తే చాలు. తిరుపతిలో ఒకటి, చిత్తూరులో ఒకటి ముందు తెరవండి.